జెండా పట్టిన జాజికాయ

"ఫ్లాస్కేది?" అని అడిగింది లిస్ట్రా.

"ఏ ఫ్లాస్కు?" అన్నాడు ఆన్సెల్మ్, సబ్బు నురగ వెనకనుంచి. గడ్డం గీసుకుంటున్న మనిషికి మొహం దాచుకోవడం తేలిక.

"ఇంట్లో పది ఫ్లాస్కులు వరసగా పేర్చినట్టు ఏ ఫ్లాస్కంటావేంటి? పచ్చది. పక్కన సొట్ట ఉన్నది. మూత పగిలితే మీ అమ్మ మిరప సాసు సీసా ఎర్రమూత బిగించిందే, అది. నిన్న అందులో కోకో టీ పోసిచ్చాను. సాయంత్రం నువ్వొచ్చావు, ఫ్లాస్కు రాలేదు."

"పాన్‌యార్డులో ఉండిపోయింది."

"ఎవరి దగ్గర?"

కత్తి చెంప మీద ఆగింది. "సొలాంజ్‌కి గొంతు నొప్పి. వేడిగా తాగితే తగ్గుతుందని..."

"నా ఫ్లాస్కులో."

"ఫ్లాస్కే కదా లిస్ట్రా!"

"నేనూ ఫ్లాస్కు గురించే అడుగుతున్నా. నువ్వెవరి గురించి అనుకున్నావు?"

వంటింట్లోంచి అత్తగారు యూడోరా గొంతు వినిపించింది. ఆవిడను ఇంట్లోనూ వీధిలోనూ అందరూ టాంటీ అనే పిలుస్తారు. "ఫ్లాస్కు కోసం తన్నుకునే మొగుడూ పెళ్లాలని బెల్మాంట్ పేట మొత్తం మీద నా ఇంట్లోనే చూస్తున్నా. ఉప్పుచేప చల్లారిపోతోంది. తిని తన్నుకోండి."

ఆన్సెల్మ్ గిట్టెన్స్ ఉక్కు వాద్యాలైన పాన్‌లకు శ్రుతి చేసే ట్యూనర్. నూనె పీపా అడుగును సుత్తితో కొట్టి గిన్నెలా లోతు చేసి, ఆ లోతులో ఒక్కో చోట ఒక్కో స్వరాన్ని నిలబెడతాడు. పాన్‌యార్డులో సాధన చేసే మార్నింగ్ స్టార్స్ బృందంలో మోగే ప్రతి పాన్ అతని చేతి కింద నుంచి రావలసిందే. అతనికో పద్ధతి ఉంది. స్వరం కుదరనంతవరకూ దాని అడుగున సుద్దముక్కతో సున్నా చుట్టి ఉంచుతాడు. అన్నీ కుదిరాక సున్నాలు తుడిచేసి, పాన్ అంచు మీద మేకుతో చిన్న చేపబొమ్మ పొడుస్తాడు. చేప లేని పాన్ ఆన్సెల్మ్‌ది కాదు. బెల్మాంట్‌లో ఆ చేప కోసం జనం వారాల తరబడి కాచుకుంటారు.

కార్నివాల్ దగ్గరపడితే బయటిదేశాల వాళ్లు వచ్చి బృందాల్లో కలిసి వాయించడం ఏటా ఉన్నదే. ఈ ఏడాది మార్సెయ్ నుంచి సొలాంజ్ వచ్చింది. పొడుగు మెడ, చెవులకు బంగారు చక్రాలు, నవ్వితే పాన్‌యార్డు మొత్తం సుత్తి దించి చూసేలాంటి నవ్వు. కాగితం మీద రాసుకోకుండా, విని పాట మొత్తం వారంలో పట్టేసింది. అప్పటినుంచి ఆమె పాన్ ఆన్సెల్మ్ ఇంటి పెరట్లోనే ఉంటోంది. రోజూ సాయంత్రం అతను దాని మీదకు వంగి కొడుతూనే ఉంటాడు. అదే చోట. అదే స్వరం. ట్యాంగ్, ట్యాంగ్, ట్యాంగ్. లిస్ట్రా వంటింట్లో పిండి కలుపుతూ లెక్కపెట్టకూడదనుకుంటూనే వినేది. తమ పెళ్లికి ముందు తన కోసం చేసిన చిన్న పాన్ మీద కూడా ఇంతసేపు కూర్చోలేదు ఆ మనిషి.

భర్త తన దగ్గర ఏదో దాస్తున్నాడని ఆమెకు ఒళ్లు మండిపోతోంది. ఇందులో ఒక చిక్కుంది. పెళ్లయిన నాటినుంచీ ఆమె కూడా అతని దగ్గర ఒకటి దాస్తోంది. ఇంట్లో వాళ్ల లెక్కలో లిస్ట్రా ఇన్సూరెన్సు ఆఫీసులో గుమాస్తా. దేశపు గూఢచారి బ్యూరో లెక్కలో ఆమె పేరు జాజికాయ.

*

రోడ్డు మలుపులో డబుల్స్ బండి. మెత్తటి రెండు పూరీల మధ్య ఉడికించిన శనగలు పెట్టి ఇస్తున్నాడు మిస్టర్ మంగల్. తలకు గళ్ల తువ్వాలు, బొజ్జ మీద నూనె మరకల ఏప్రన్. బ్యూరో చీఫ్ అంటే నమ్మేవాళ్లు ఎవరూ లేరు, అదే ఆయన ధీమా.

"కారం?" అన్నాడు.

"కొంచెం. నిన్న ఎక్కువై కళ్లలో నీళ్లొచ్చాయి," అంది లిస్ట్రా.

"నీళ్లు రాకపోతే అది కారమే కాదమ్మా."

కోడ్ సరిపోయింది. బండి చుట్టూ ఇంకెవరూ లేరు. మంగల్ గొంతు తగ్గించాడు.

"విను. డాక్టర్ హోరేస్ వెల్చ్. పొరుగు దీవి ఇంధన మంత్రి. మంగళవారం మనతో గ్యాస్ ఒప్పందం మీద సంతకం పెడతాడు. పెట్టకముందే లేపేయాలని ఒక ముఠా చూస్తోంది. ముఠా పేరు బరకూడా."

"ఆయుధం?"

"బాంబు. దానికి చెవి ఉంది."

లిస్ట్రా నమలడం ఆపింది.

"ఒకే ఒక్క శ్రుతికి మేలుకుంటుంది. అది తప్ప పక్కన ఫిరంగి పేలినా నిద్రపోతూనే ఉంటుంది. చోటునుంచి కదిపితే మాత్రం అప్పుడే పేలుతుంది."

"ఏ శ్రుతి?"

"ఎయిర్‌పోర్టులో అనౌన్స్‌మెంటు ముందు మోగే గంట. అందుకే బాంబ్ స్క్వాడ్ మొత్తాన్ని అక్కడ దింపాను."

"ఎవరు చెప్పారు?"

మంగల్ మొహంలో తండ్రి గర్వం లాంటిది కనిపించింది. "హంస. ముఠాలో ఉంటూ మనకు పనిచేస్తోంది. డబుల్ ఏజెంట్. అలాంటి పిల్ల నా బ్యూరోలో ఇంకొకతె ఉంటే ఈ బండి అమ్ముకుని హాయిగా ఇంట్లో కూర్చుందును."

నూనె కాగితం మీద పెట్టి ఒక ఫోటో ముందుకు జరిపాడు. పొడుగు మెడ. బంగారు చక్రాలు.

లిస్ట్రాకు కారం ఇప్పుడు తగిలింది. ఇంట్లో మొగుడు చాలక ఆఫీసులో ఈయన కూడానా! ఏడేళ్లుగా తుపాన్లలో, ఓడరేవుల్లో, ఒకసారి నిండు గర్భిణి వేషంలో కొండ ఎక్కి మరీ ఆమె పనిచేసింది. ఈయన నోట "అలాంటి పిల్ల" అన్న మాట ఒక్కసారి రాలేదు.

"ఆమెను నమ్మొద్దు, మిస్టర్ మంగల్."

"ఆధారం?"

"నా ఫ్లాస్కు తీసుకుంది."

మంగల్ గరిటె కింద పెట్టాడు. "ఈ మాట జాజికాయ అంటోందా, ఆన్సెల్మ్ పెళ్లామా?"

ఆమె ఫోటోను వెనక్కి తోసింది.

"ఆదివారం పనోరమా పాన్ పోటీల సెమీఫైనల్. మంత్రికి పాన్ వినాలని ఉందట, గ్రాండ్‌స్టాండ్‌లో కూర్చుంటాడు. నువ్వు వేరుశనక్కాయలమ్మే వేషంలో వెళ్లు. ఇదిగో." చొక్కా గుండీ అంత నల్ల బిళ్ల ఆమె చేతిలో పెట్టాడు. "మైక్. వెనక అయస్కాంతం ఉంది, గట్టిది. ఆయన ముందున్న ఇనప కమ్మీకి అంటించు. ఎవరెవరు పలకరిస్తున్నారో నేను వింటాను. హంస జోలికి వెళ్లకు. ఇది ఆర్డర్."

*

ఆదివారం ఎండ సవానా మైదానం మీద పెనంలా కాలుతోంది. స్టేజీ ఎక్కే దారిలో బృందాలు ఒకదాని వెనక ఒకటి కాచుకుని ఉన్నాయి. చక్రాల బళ్ల మీద పాన్‌లు, బళ్లను తోసేందుకు వచ్చిన సగం బెల్మాంట్.

నెరిసిన విగ్గు, గడ్డి టోపీ, చంకలో వేరుశనక్కాయల బుట్టతో లిస్ట్రా గ్రాండ్‌స్టాండ్‌కి వెళ్లవలసింది. కాళ్లు మార్నింగ్ స్టార్స్ వైపు లాక్కెళ్లాయి. ఆమెకు కావలసింది ఒక్కటే. సొలాంజ్ పాన్ అంచు మీద చేప ఉందా, లేదా?

సొలాంజ్ కొంచెం దూరంలో ఎవరిచేతో చెంపలకు మెరుపు పొడి అద్దించుకుంటోంది. లిస్ట్రా బండి పక్కన కూలబడి, చెప్పు సరిచేసుకుంటున్నట్టుగా పాన్ అంచూ అడుగూ చూసింది.

చేప లేదు.

గుండెలో ఎవరో చల్లటి నీళ్లు చిలకరించినట్టయింది. ఇవ్వలేదు! ఇంతసేపు కూర్చుని కూడా దీనికి తన చేప ఇవ్వలేదు! తర్వాత, వెనక అంచుకు దగ్గరగా, ఒక స్వరం కింద సుద్ద సున్నా కనిపించింది. చెయ్యి పైకి పోనిచ్చి, వేలి కణుపుతో మెల్లగా తట్టింది. అదే. రోజూ సాయంత్రం పెరట్లో మోగినదే. అటు కింది స్వరమూ కాదు, ఇటు పై స్వరమూ కాదు. రెండింటికీ మధ్య, పాన్ మీద ఎక్కడా ఉండకూడని చోట ఆగి ఉంది.

"ఏయ్ పెద్దమ్మా! పాన్ ముట్టుకోకు."

ఆన్సెల్మ్. నడుముకు సుత్తి, చేతిలో మెత్తటి గుడ్డ. సొంత పెళ్లాన్ని పోల్చుకోలేదు. వేషం అంత బాగా కుదిరినందుకు సంతోషించాలో, ఏడవాలో ఆమెకు తెలియలేదు.

"నా ఆన్సెల్మ్!" అంటూ సొలాంజ్ వచ్చి అతని చెంప మీద ముద్దు పెట్టింది. మెరుపు పొడి అతనికీ అంటింది.

"ఆ స్వరం సరిచేయనివ్వు సొలాంజ్," అన్నాడతను తల దించుకుని. "రెండు దెబ్బల పని. నాకు సిగ్గుగా ఉంది."

"అమ్మో, వద్దు! అది మార్సెయ్ రికార్డింగ్ కోసమని చెప్పాను కదా. మళ్లీ అలా కుదరకపోతే? వందమంది మధ్య ఎవరికి వినిపిస్తుంది?"

"నాకు."

"నీకొక్కడికే. పోస్టర్ మీద నీ పేరు ఎంత పెద్దగా వేయిస్తానో గుర్తుందిగా? నాతో వచ్చేయ్ ఆన్సెల్మ్. ఇక్కడ నీ విలువ ఎవరికి తెలుసు?"

అతను గుడ్డను మడతలు పెడుతూ ఉండిపోయాడు. "చివర్లో నువ్వొక్కదానివే వాయించే ముక్కలో ఆ స్వరం రాదు. అందుకే ఊరుకుంటున్నా."

"రాదు," అంది సొలాంజ్, నవ్వుతూ.

నాతో వచ్చేయ్. ఆ మాట బుట్టలో పడ్డ నిప్పులా లిస్ట్రా చంకలో కాలుతూనే ఉంది, గ్రాండ్‌స్టాండ్ మెట్లెక్కేదాకా.

*

స్టాండ్ కిక్కిరిసి ఉంది. ఐస్ పెట్టెలు, అన్నం గిన్నెలు, గొడుగులు. మూడో వరసలో మంత్రి వెల్చ్, పొట్టిగా గుండ్రంగా, అప్పుడే కాలితో తాళం వేస్తున్నాడు. మార్నింగ్ స్టార్స్ బళ్లు ఎదురుగా స్టేజీ మీదకు దొర్లుతున్నాయి.

"వేరుశనక్కాయలు! ఉప్పువి, వేడివి!" లిస్ట్రా వంగి కమ్మీ పట్టుకుంది. బిళ్ల అంటించబోతూ కిందికి చూసింది.

మంత్రి కుర్చీ కింద పచ్చ ఫ్లాస్కు.

పక్కన సొట్ట. మిరప సాసు సీసా ఎర్రమూత.

లోకంలో ఇంకెవరు చూసినా దాన్ని పట్టించుకోరు. పాన్ వినడానికి వచ్చినవాళ్లు ఫ్లాస్కు తెచ్చుకోకపోతేనే వింత. కొత్త పెట్టె అయితే పోలీసు తెరిచి చూస్తాడు. ఈ పాత సొట్ట ఫ్లాస్కును ఎవరు తెరుస్తారు?

చెవి ఉన్న బాంబు. ఎయిర్‌పోర్టు గంట కాదు, హంస చెప్పింది అబద్ధం. పొద్దుటినుంచి ఇక్కడ ఎన్నో బృందాలు వాయించాయి, ఉన్న స్వరాలన్నీ వేలసార్లు మోగాయి, అది మేలుకోలేదు. సరైన స్వరం వేటికీ అది మేలుకోదు. సరికాని స్వరం ఒకటి కావాలి. దేశం మొత్తంలో ఆ స్వరం ఒక్క పాన్ మీదే ఉంది. దాన్ని అక్కడ నిలబెట్టింది తన మొగుడు.

మైక్ వినేందుకు వచ్చి వెనక వరసలో ఐస్ పెట్టె మీద కూర్చున్న మంగల్ పక్కకు జారి, బుట్టలోకి గొణిగినట్టుగా ఆమె మొత్తం చెప్పేసింది. ఆయన మొహం తడిసిన కాగితంలా అయింది.

"ఇప్పుడంటోంది పెళ్లామా, ఏజెంటా?" అని అడిగింది.

"ఇద్దరూ," అన్నాడు మంగల్. లేచి, మంత్రి వెనక నేల మీద చతికిలబడి, ఫ్లాస్కు చుట్టూ రెండు అరచేతులూ అడ్డుపెట్టాడు, ఎగిరే కాళ్లు దానికి తగలకుండా. "స్క్వాడ్ ఎయిర్‌పోర్టులో ఉంది. వచ్చేసరికి పాట అయిపోతుంది. జనాన్ని లేపితే తొక్కిసలాటలో దీన్ని తన్నేస్తారు. మంత్రి ఒక్కణ్నే లేపినా ఆమెకు స్టేజీ మీదనుంచి కనిపిస్తుంది."

"ఆమెను స్టేజీ మీదే పట్టుకుంటే?"

"పోలీసు టోపీ కనిపించిన క్షణాన ఆ స్వరం కొట్టేస్తుంది."

"నన్ను చూస్తే కొట్టదు," అంది లిస్ట్రా. విగ్గు తీసి ఆయన ఒళ్లో పడేసింది. "నన్ను చూస్తే నవ్వుతుంది."

పాట మొదలైంది. ఇనప చక్రాలు వాయించేవాళ్ల మోతకు స్టాండ్ రేకులు అదిరాయి. లిస్ట్రా మెట్లు దిగి, తాడు కింద దూరి, స్టేజీ పక్కకు చేరేసరికి పాట నడుమకొచ్చింది. బృందం ముందు మార్వా జెండా ఊపుతోంది. ప్రతి బృందానికీ జెండా పట్టి ఆడే ఆడమనిషి ఉంటుంది. ఆమె స్టేజీ మీద ఎక్కడికైనా వెళ్లవచ్చు, ఎవరి ముందైనా ఆడవచ్చు, అడిగేవాళ్లు లేరు. పెళ్లికి ముందు మార్నింగ్ స్టార్స్ జెండా లిస్ట్రాదే. ఆన్సెల్మ్ ఆమెను మొదట చూసింది ఆ జెండా కిందే.

"మార్వా! జెండా ఇవ్వు!"

"పిచ్చెక్కిందా నీకు? స్టేజీ మీదా?"

"నా మొగుడికి ముద్దు పెట్టింది!"

మార్వా కళ్లు పెద్దవయ్యాయి. ఆ తర్వాత జెండా చేతులు మారింది. కొన్ని విషయాలకు ఆడవాళ్ల మధ్య ఇంతకన్నా వివరణ అక్కర్లేదు.

లిస్ట్రా ఆడింది. నడుము మరిచిపోలేదు. జెండా పెద్ద నీలి అలలా లేచి, జనం మీద వాలి, మళ్లీ లేచింది. స్టాండ్ కేక పెట్టింది. ఆ అల కిందుగా ఆమె ఒక్కో బండీ దాటుకుంటూ ముందు వరసకు వస్తోంది. స్టేజీ అంచున ఆన్సెల్మ్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

పాన్‌లన్నీ ఒక్కసారిగా ఆగాయి. సొలాంజ్ ఒంటరి ముక్క మొదలైంది.

లిస్ట్రా ఎదురుగా నిలబడింది. సొలాంజ్ తలెత్తి చూసింది. ఒక్క క్షణం ఆ కళ్లలో లెక్కలు కదిలాయి. అంతలోనే పెదవుల మీద నవ్వు వచ్చింది, జాలి కలిసిన నవ్వు. మొగుణ్ని పోగొట్టుకుంటున్న పెళ్లాం వచ్చి పదిమందిలో ఎగురుతోంది. ఎగరనీ. కర్రలు ఆగకుండా తేలుతున్నాయి.

ఆ నవ్వు చూసి లిస్ట్రాకు నిజంగానే జెండా కర్ర ఎత్తి ఆమె నెత్తిన వేయాలనిపించింది. వేయలేదు. జెండాను సొలాంజ్ మొహం మీదుగా విసిరి, ఆ గుడ్డ చాటున మోకాళ్ల మీదకు జారి, పాన్ కిందికి చెయ్యి పెట్టింది. సుద్ద సున్నా. నల్ల బిళ్ల దాని నడుమ టక్కున అతుక్కుంది.

జెండా తొలగింది. సొలాంజ్ రెండు కర్రలూ వెనక అంచుకు వెళ్లాయి, ఆ స్వరం మీదకు, పాటలో లేని స్వరం మీదకు, వాన కురిసినట్టు.

దుప్. దుప్ దుప్ దుప్.

చెక్క మీద కొట్టినట్టు. బిళ్ల బరువుకు స్వరం చచ్చిపోయి ఉంది.

సొలాంజ్ ఇంకా గట్టిగా కొట్టింది. దుప్. ఆమె నవ్వు మొహం మీదే ఎండిపోయింది. గ్రాండ్‌స్టాండ్‌లో మంత్రి వెల్చ్ అయ్యో అన్నట్టు తల ఊపాడు, బతికే ఉండి. ఆయన కాళ్ల వెనక మంగల్ కళ్లు మూసుకుని, తనకు తెలిసిన దేవుళ్లందరినీ వరసగా తలుచుకుంటున్నాడు.

బళ్లు స్టేజీ దిగగానే, మెరుపు పొడి పళ్లాలతో మంగల్ పంపిన ఇద్దరు ఆడవాళ్లు చెరో పక్కా సొలాంజ్ చేయి పట్టుకుని నడిపించుకుపోయారు. ఒక నీడపట్టు టెంటులోకి, అక్కడినుంచి అద్దాలు నల్లగా ఉన్న కారులోకి. ఆలస్యంగా వచ్చిన స్క్వాడ్, అందరూ వెళ్లిపోయాక, పచ్చ ఫ్లాస్కును ఇసుక నింపిన గుంటలో పేల్చేసింది.

మార్నింగ్ స్టార్స్ ఒక్క పాయింటు తేడాతో ఫైనల్‌కి వెళ్లలేదు.

*

"కవర్ స్టోరీ ఏంటి?" అని అడిగింది లిస్ట్రా మర్నాడు బండి దగ్గర.

"మళ్లీ కొత్తగా అల్లడం ఎందుకు?" అన్నాడు మంగల్, ఆమె కళ్లలోకి చూడకుండా. "ఊరంతా నమ్మేసింది. అసూయతో పెళ్లాం పాన్ చెడగొట్టింది. అవమానం తట్టుకోలేక ఆ పిల్ల మొదటి విమానం ఎక్కి వెళ్లిపోయింది."

"పాపం."

"పాపం అనే అంటున్నారు. పాన్‌యార్డు వాళ్లు ఆమెకు కానుకగా ఒక పాన్ పంపుదామని మాట్లాడుకుంటున్నారట."

లిస్ట్రా డబుల్స్‌ను పిండి చేసేలా నొక్కింది.

"నువ్వు మంత్రి ప్రాణం కాపాడావు జాజికాయా."

"అలాంటి పిల్ల ఇంకొకతె ఉంటే?"

"ఉంటే, నాకు గుండెపోటు వస్తుంది," అన్నాడు మంగల్. అడగకుండానే ఇంకో డబుల్స్ చుట్టి ఇచ్చాడు.

వారమంతా ఆన్సెల్మ్ మాట్లాడలేదు. ఊరు ఏమన్నా, స్వరం చచ్చింది తన సుత్తి వల్లే అనుకుని మొదటి రెండు రోజులూ తిండి మానేశాడు. అప్పుడు పాన్‌యార్డువాళ్లు సొలాంజ్ పాన్ బోర్లించి నల్ల బిళ్ల చూపించారు. అప్పటినుంచి అన్నం తింటున్నాడు గానీ పెళ్లాం మొహం చూడడం లేదు. ఆమె చెప్పలేదు. చెప్పకూడదు. అతను ఆమెను వదిలి వెళ్లిపోతే కూడా చెప్పకూడదు.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం టాంటీ జున్నుతో కాల్చిన మకరోనీ, కాలలూ ఆకుకూర, కోడి కూర బల్ల మీద పెట్టింది. ఆన్సెల్మ్ కోడి ముక్కను కెలుకుతూ కూర్చున్నాడు.

"చెప్పేదేదో చెప్పరా," అంది టాంటీ. "ముక్క గొంతులో పెట్టుకుని ఎంతసేపు కూర్చుంటావు?"

ఆన్సెల్మ్ జేబులోంచి నల్ల బిళ్ల తీసి పళ్లెం పక్కన పెట్టాడు. "ఇది నీదేనా?"

"నాదే," అంది లిస్ట్రా.

"ఎక్కడిది?"

"ఆఫీసులో. కాగితాలు ఇనప బీరువాకి అంటించేది."

అతను దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "సరిగ్గా ఆ స్వరం కిందే పెట్టావు."

"నీ సుద్ద సున్నా ఉంది కదా."

"ఉంది," అన్నాడతను. బిళ్లను బల్ల మీద పెట్టాడు. "ఆ స్వరం తప్పని నాకు తెలుసు. పోస్టర్ మీద పేరంటే ఆశపడి కొట్టాను. దాని మీద చేప పెట్టలేకపోయాను. నువ్వు దాన్ని చంపేశావు. కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆ మోత వినిపించనందుకు నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను లిస్ట్రా."

టాంటీ గరిటె గాలిలో ఆగింది.

"నిన్న బృందం కమిటీవాళ్లు వచ్చారు," అన్నాడు ఆన్సెల్మ్. "వచ్చే ఏడూ నన్నే రమ్మన్నారు. నువ్వు మాత్రం పాన్‌యార్డు గుమ్మం తొక్కకూడదట. అయితే ట్యూనర్‌ని వేరే వెతుక్కోండని చెప్పేశాను. అంతే. నేను మానేస్తున్నా."

లిస్ట్రా అతని పళ్లెం దగ్గరకు లాక్కుంది. మంత్రి బతికినప్పుడు కూడా ఆమెకు ఇంత సంతోషం కలగలేదు.

"మానక్కర్లేదు," అంది. "వెళ్తావు. నేను గుమ్మం తొక్కను. రోజూ సాయంత్రం గేటు బయట నిలబడతా, కోకో టీ తీసుకుని. నువ్వు బయటికొచ్చి నా ఎదురుగా తాగుతావు. ఇది నా నిర్ణయం."

"ఏ ఫ్లాస్కులో తెస్తావు? అది పోయింది కదా," అన్నాడు ఆన్సెల్మ్, మొదటిసారి చిన్నగా నవ్వుతూ.

"కొత్తది కొన్నాను. తాగాక అక్కడే చేతికిస్తావు," అంది లిస్ట్రా, అతని పళ్లెంలో ఇంకో ముక్క వడ్డిస్తూ. "మొగుడంటే మళ్లీ ఇల్లు చేరతాడన్న నమ్మకం ఉంది. ఫ్లాస్కుల మీద నాకు నమ్మకం పోయింది."